సుంకి ఘాటీకి డీజిలు, జయపురం బజారుకి పెట్రోలు

మాది ఒడిశాలోని జయపురం. తాతగారి కాలంలో బొబ్బిలి నుంచి వచ్చి స్టీలు సామాన్ల కొట్టు పెట్టుకున్నాం. గత పన్నెండేళ్లలో నా చేతిలో మూడు కార్లు నడిచాయి. రెండు డీజిళ్లు, ఒక పెట్రోలు. ఆ సంగతి తెలిసినవాళ్లు కొట్టుకి వస్తే గిన్నెల బేరం తర్వాత, ముందు "డీజిలు కొనాలా, పెట్రోలు కొనాలా?" అని మొదలుపెడతారు. నోటితో చెప్పి చెప్పి విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

2013లో కొన్నది 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఉన్న మారుతి డిజైర్ కారు. అప్పుడు పెద్దగా ఆలోచించే పనే లేదు. అంతకుముందు ఏడాదే పెట్రోలుకీ డీజిలుకీ లీటరు దగ్గర పాతిక రూపాయల పైన తేడా చూశాం. పైగా వారానికోసారి సరుకు కోసం విజయనగరం వెళ్లేవాణ్ణి. వెళ్లేటప్పుడు ఖాళీ బండి, వచ్చేటప్పుడు డిక్కీ నిండా డబ్బాలు, వెనక సీటు మీద కుక్కర్లు. సాలూరు దాటాక కొరాపుట్ వైపు ఎక్కే కొండదారి, సుంకి ఘాటీ మొదలు. లారీ వెనక పడి మలుపు దగ్గర బాగా నెమ్మదించి, అది దారివ్వగానే థర్డ్ గేర్లోనే కాలు నొక్కితే ఒక్క క్షణం ఏమీ జరగదు. ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాటిందంటే మాత్రం సీటు వీపుని తోస్తుంది. దాని టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, 190 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు), అదే కారు పెట్రోలు మోడల్‌కి 115 దగ్గర ఉండేది. కేటలాగ్‌లో చదివిన ఆ అంకెలకి అర్థం నాకు ఆ మలుపుల్లోనే తెలిసింది. ఏడేళ్లలో 1,42,000 కిలోమీటర్లు తిరిగాను. హైవే మీద లీటరుకి 21 తగ్గేది కాదు. చెప్పుకోదగ్గ రిపేరు పడలేదు.

దిగేటప్పుడు డీజిలైతే బండిని పట్టి ఉంచుతుందని చాలామంది అంటారు. నాకు అంత తేడా కనిపించలేదు. ఏ ఇంజినైనా సెకండ్ గేర్లో వేసి, బ్రేకు మీద కాలు అదేపనిగా పెట్టకుండా దిగాల్సిందే. న్యూట్రల్‌లో దించి డీజిలు మిగుల్చుకునే మహానుభావులకి ఓ నమస్కారం.

2020 చివర్లో డిజైర్ అమ్మేసి, అలవాటు కొద్దీ మళ్లీ డీజిలే కొన్నాను. ఈసారి ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీ, బీఎస్-6 అనే కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన బండి. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదని తర్వాత తేలింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. మారుతి అయితే అక్కడితో డీజిలు కార్లే ఆపేసింది. కొత్త డీజిళ్లలో పొగగొట్టం దారిలో డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటుంది. మసిని పట్టి ఉంచి, బాగా వేడెక్కినప్పుడు దాన్ని కాల్చేసుకుంటుంది. అంత వేడి రావాలంటే బండి కాసేపు ఆగకుండా, కాస్త జోరుగా పోవాలి.

నా బతుకు చూస్తే అప్పటికే మారిపోయింది. ఫోన్ చేస్తే సరుకు ట్రాన్స్‌పోర్టులో వచ్చేస్తోంది. విజయనగరం రెండు నెలలకోసారి వెళ్తే గొప్ప. మిగతా రోజుల్లో ఇంటి నుంచి కొట్టుకి రెండు కిలోమీటర్లు, కొట్టు నుంచి బ్యాంకుకి ఒకటి, సాయంత్రం కూరల మార్కెట్. ఇంజిన్ వేడెక్కేలోపే తాళం తీసేస్తున్నాను. 2022 వానాకాలంలో ఆ జల్లెడలో మసి నిండిందని మీటర్ మీద పసుపు లైటు వెలిగింది. సర్వీసువాళ్లని అడిగితే హైవే మీద ఇరవై నిమిషాలు తోలండి, అదే పోతుందన్నారు. నిజంగానే పోయింది. నెలన్నరకి మళ్లీ వచ్చింది.

అప్పటినుంచి లైటు వెలిగిన ప్రతిసారీ, ఆ ఆదివారం ఏ పనీ లేకుండా హైవే మీదున్న బొరిగుమ్మ ఊరి దాకా వెళ్లి రావడం. గేరు ఒకటి తగ్గించి, ఆర్‌పీఎం రెండు వేల పైనే ఉంచి పోవాలి. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఇదేటి పనండీ, డీజిలు పోసి డీజిలు తగలెయ్యడం?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒకసారి మధ్యలో ఫోన్ వస్తే మసి కాలే పనిని సగంలో ఆపి బండి పక్కన పెట్టేశాను. అలాంటివి రెండు మూడు జరిగాక ఆయిల్ చూసే కడ్డీ తీస్తే గరిష్ఠ గీత దాటి ఉంది, డీజిలు వాసన వేస్తోంది. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిలు చిమ్ముతుంది, ఆ పని పూర్తికాకపోతే కొంత కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుందట. పదివేల కిలోమీటర్లకి మార్చాల్సిన ఆయిల్ ఐదువేలకే మార్చాను. ఆ రోజే డీజిలు మీద మోజు పోయింది.

ఇప్పుడు నడుపుతున్నది 1.2 లీటర్ల పెట్రోలు, ఇంజిన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో లేదు, మాన్యువల్ గేర్లు. రెండేళ్లు కావస్తోంది, 14,000 తిరిగింది. బజార్లో హాయి. స్టార్ట్ చేసినట్టు కూడా తెలియదు. ఘాటీలో మాత్రం చెప్పుకోకపోవడమే మేలు. ఐదుగురం కూర్చుని ఏసీ వేసుకుని ఎక్కితే సెకండ్ గేరు వదలదు, ఇంజిన్ అరుపుకి పాటలు వినిపించవు. లారీని దాటాలంటే ముందు ఏసీ కట్టేసి, ఎదురుగా ఎవరూ రావట్లేదని రెండుసార్లు చూసుకోవాలి. ఆ రెండు గంటలూ పాత డిజైర్ గుర్తొస్తూనే ఉంటుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వచ్చాక మైలేజీ కూడా కాస్త తగ్గినట్టే ఉంది. ఇథనాల్‌లో పెట్రోలు అంత శక్తి ఉండదు కదా. ఊళ్లో 14, హైవేలో 18 వస్తోంది.

అయినా డబ్బు లెక్క చూడండి. నాకు నెలకి 600 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 104 రూపాయలు, డీజిలు 96 అనుకుందాం. డీజిలు బండి ఊళ్లో 16 ఇచ్చేది. ఆ లెక్కన పెట్రోలుకి నెలకి 4,450, డీజిలుకి 3,600. మిగిలేది 850 రూపాయలు. నేను కొన్నప్పుడు రెండు మోడళ్ల మధ్య తేడా లక్షా ఇరవై వేలు. అది తీరడానికి పన్నెండేళ్లు పడుతుంది. బీమా ఎక్కువ కట్టేదీ, బొరిగుమ్మ షికార్లూ ఇందులో కలపలేదు.

అందుకే ఎవరైనా అడిగితే నెలకి ఎన్ని కిలోమీటర్లు అని నేను అడగను. తాళం పెట్టిన దగ్గర్నుంచి తీసేదాకా ఒక్కో ట్రిప్పు ఎంత దూరం అని అడుగుతాను. నెలకి వెయ్యి కిలోమీటర్లు రెండేసి కిలోమీటర్ల చొప్పున తిరిగేవాడికి కొత్త డీజిలు శిక్షే.

ఆ ఎస్‌యూవీ ఏమైందంటారా? రాయగడలో ఉన్న మా బావమరిది తీసుకున్నాడు. కాంట్రాక్టు పనులు, రోజూ సైట్లకి నూరు కిలోమీటర్ల పైనే తిరుగుతాడు. లైటు సంగతి దాచకుండా చెప్పే అమ్మాను. ఇప్పటికి నలభై వేలు నడిపాడు. "బావా, నువ్వన్న ఆ పసుపు లైటు ఏ పక్కన వెలుగుతుంది?" అని అడుగుతున్నాడు. మొన్న దసరాకి అందరం కలిసి అదే బండిలో విజయనగరం వెళ్లాం. తిరుగు ప్రయాణంలో సాలూరులో టీ తాగి, తాళం నేనే అడిగి తీసుకున్నాను. కొరాపుట్ వచ్చేదాకా ఇవ్వలేదు.