జాగ్రత్త: మసత్లాన్ బండ్ల మీద నిమ్మరసంలో నానిన రొయ్య ఉడికిన రొయ్య కాదు

మెక్సికో పసిఫిక్ తీరంలోని మసత్లాన్‌కు వెళ్తున్నవాళ్ళకు, అందులోనూ కాలిఫోర్నియాలో క్రూయిజ్ ఎక్కి పొద్దున దిగి సాయంత్రానికి మళ్ళీ ఓడెక్కేసే మనవాళ్ళకు ఈ హెచ్చరిక. అక్కడ కర్రేతా అని పిలిచే చేపల బండ్ల జోలికే వెళ్ళొద్దని చెప్పడం లేదు. మసత్లాన్ ఉన్న సినలోవా రాష్ట్రంలో మంచి తిండి చాలావరకు ఆ బండ్ల మీదే ఉంది. కానీ మధ్యాహ్నం రెండు దాటాక, ముందే ఒలిచి కలిపి పెట్టిన ట్రేలోంచి తీసిన పచ్చి సరుకు కొంటే డబ్బూ పోతుంది, రాత్రంతా బాత్రూంలోనే తెల్లారుతుంది. అలా దెబ్బతిన్నవాళ్ళందరూ చెప్పే మాట దాదాపు ఒకటే: నిమ్మరసంలో ఉడికిపోయింది కదా అనుకున్నాం అని.

ఉడకదు. నిమ్మరసంలోని పులుపు రొయ్యలోని ప్రొటీన్‌ను గట్టిపరుస్తుంది, అందుకే కండ తెల్లబడి పంటికి బిగువుగా తగులుతుంది. పైపైన ఉన్న కొన్ని క్రిములను తగ్గిస్తుందేమో గానీ లోపలి బ్యాక్టీరియాను, హెపటైటిస్-ఎ లాంటి వైరస్‌లను, చేపలోని పురుగు పిల్లలను చంపుతుందని నమ్మడానికి లేదు. అగ్వాచిలే అనే ఈ నిమ్మరసం రొయ్యల వంటకం ఎలా చేస్తారో చూస్తే విషయం తెలిసిపోతుంది. రొయ్య తల తీసి, పొట్టు వలిచి, వీపు చీల్చి నల్ల నరం లాగేస్తారు. చిల్తెపీన్ లేదా సెర్రానో మిరపకాయలు, ఉప్పు, నిమ్మరసం కలిపి నూరి దాని మీద పోస్తారు. కాసిన్ని నిమిషాల్లోనే కీరా, ఎర్ర ఉల్లిపాయ చల్లి చేతికిస్తారు. అంటే తింటున్నది పచ్చి రొయ్యే. మిరప ఘాటుకు క్రిములు చస్తాయన్నది కూడా ఉత్త మాటే, ఎంత కారం తినేవాళ్ళమైనా సరే.

అసలు ముప్పు విబ్రియో పారాహెమోలిటికస్ అనే ఉప్పునీటి బ్యాక్టీరియాతో. నీళ్ళు వెచ్చబడే కొద్దీ అది పెరుగుతుంది. 2004లో దక్షిణ సినలోవాలో పచ్చివి, సగం ఉడికినవి రొయ్యలు తిని వెయ్యిమందికి పైగా మంచాన పడ్డారు. అప్పుడు దొరికిన ఓ3:కె6 అనే రకం మనకు కొత్తది కాదు, 1996లో కోల్‌కతాలో బయటపడినదే. సరుకు ఎండవేడిలో ఉంటే ఇది దాదాపు పావుగంటకోసారి రెట్టింపవుతుంది. లెక్క వేసుకోండి: పదకొండింటికి వంద ఉంటే మూడింటికి 65 లక్షలు. ఈ పెరుగుదలంతా నిమ్మరసం పోయకముందు, ఒలిచిన రొయ్యలు ట్రేలో పడి ఉన్నప్పుడే జరిగిపోతుంది. బండివాడు మీ కళ్ళముందే పది నిమ్మకాయలు పిండినా జరిగింది వెనక్కి పోదు.

చేప తాజాదనం చూడటం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. చిక్కేమిటంటే బండి మీద మొప్పలూ కళ్ళూ కనిపించవు, అన్నీ ముక్కలైపోయి ఉంటాయి. కాబట్టి చేపను వదిలేసి బండిని చూడండి. రొయ్యలు ఐస్ మీద అలంకరణగా పరిచి ఉన్నాయా, ఐస్‌లో కూరుకుని ఉన్నాయా? ఐస్ కరిగిన నీళ్ళు డబ్బా అడుగున కంత లోంచి పోతున్నాయా, లేక సరుకు ఆ నీళ్ళలోనే తేలుతోందా? తేలుతుంటే అక్కడితో ఆపేయండి. చేతులూ కత్తీ కడగడానికి ఒకే బకెట్ ఉండి, ఆ నీళ్ళు మురికిగా ఉంటే అది పొద్దుటి బకెట్టే. డబ్బులు తీసుకునే మనిషి వేరుగా ఉన్న బండి ఎప్పుడూ మేలు. తాగే గ్లాసులో వేసే ఐస్ మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ముక్కల్లా ఉంటే అది సాధారణంగా శుద్ధి చేసిన నీటితో ఫ్యాక్టరీలో చేసినది. పెద్ద దిమ్మను పగలగొట్టిన ఐస్ చేపల కోసం తెచ్చింది, అది గ్లాసులో పడకూడదు. అమ్మోనియా వాసన తగిలితే నిమ్మకాయ అడగకండి, నడవండి.

తొమ్మిది, పన్నెండు మధ్య వెళ్ళండి. పాంగా అనే చిన్న పడవలు ప్లాయా నోర్తే ఒడ్డుకు చేపలు తెచ్చేదీ పొద్దుటే, స్థానికులు వరసగా నిలబడి తినేదీ ఆ వేళే. జనం తిరుగుతున్న బండిలో ట్రే నిలవ ఉండదు. "క్రూదో ఓ కొసీదో" అని అడిగితే పచ్చిదో ఉడికిందో చెబుతారు. ఉడికించిన రొయ్యలతో చేసే కోక్తేల్ దె కమరోన్, ఎలాగూ ఉడికించే వేసే ఆక్టోపస్, వేడివేడి రొయ్య పులుసు, వేయించిన చేపను పల్చటి రొట్టెలో చుట్టి ఇచ్చే టాకో, ఇవి నిశ్చింతగా తినదగినవి. కంపెచానా, వుయెల్వె ఆ లా వీదా లాంటి కలగలుపు గ్లాసుల దగ్గరే మోసపోతారు, ఎందుకంటే వాటిలో ఉడికిన రొయ్యల అడుగున పచ్చి ఆల్చిప్పలు ఉంటాయి. "సిన్ ఓస్తియోన్" అంటే ఆల్చిప్పలు వద్దని. ముందే కలిపిన గ్లాసులోంచి ఏరి తీసిస్తానంటే ఒప్పుకోకండి, ఆ రసం అప్పటికే అంతా కలిసిపోయింది.

పాతా దె మూలా అనే నల్ల గుల్ల మాత్రం ఏ వేళైనా వద్దు. తెరవగానే ఎర్రటి నెత్తురులాంటి రసంతో సహా తినమంటారు. గుల్లలు నీటిని వడగట్టి బతుకుతాయి, కాబట్టి మురుగు కలిసిన చోట పెరిగితే ఆ మురుగులోని వైరస్‌ను కూడబెట్టుకుంటాయి. 1988లో షాంఘైలో దాదాపు 3 లక్షలమందికి హెపటైటిస్-ఎ తెచ్చింది ఈ కుటుంబపు గుల్లే. సముద్రంలో విషపు నాచు విపరీతంగా పెరిగే ఎర్ర అలలు వచ్చినప్పుడు గుల్లల్లో చేరే విషానిది ఇంకో దారి, అది ఉడికించినా పోదు. అధికారులు నిషేధం పెట్టిన వారాల్లో ఏ రకం గుల్లా ముట్టొద్దు. బోతేతే అనే పేరు వినిపిస్తే అది బుడగ చేప, దాని విషం కూడా మంటకు లొంగదు.

మార్లిన్ అనే పెద్ద సముద్రపు చేపకు పొగబెట్టి చేసే టాకోలు ఆ ఊరి గొప్ప. తినండి, కానీ మొదటి ముద్దకే నాలుక మీద మిరియాల మంటలాంటిది అనిపిస్తే ఉమ్మేయండి. మార్లిన్, ట్యూనా, మన వంజరానికి దాయాదైన సియెర్రా, వీటిని పట్టాక చల్లగా ఉంచకపోతే కండలో హిస్టమిన్ అనే రసాయనం తయారవుతుంది. పొగ పెట్టినా వేయించినా అది అలాగే ఉంటుంది. గంటలోపే ముఖం ఎర్రబడి, తలపోటు, గుండెదడ వస్తాయి. చాలామంది దీన్ని చేప ఎలర్జీ అనుకుని జన్మంతా చేప మానేస్తారు, పాపం.

డబ్బు సంగతి. అక్కడ పెసోకూ డాలర్ గుర్తే రాస్తారు. బోర్డు మీద 180 అంటే పెసోలు. ఓడ దిగినవాళ్ళను చూసి డాలర్లని చెప్పే బండ్లు లేకపోలేదు. చేతిలో 50, 100 పెసోల నోట్లు ఉంచుకోండి, 500 ఇస్తే చిల్లర లేదంటారు. పసిఫిక్ వైపు రొయ్యల వేట సాధారణంగా మార్చి మధ్య నుంచి సెప్టెంబర్ దాకా నిషేధం. జూలైలో "పొద్దున సముద్రంలో పట్టింది" అని ఎక్కువ ధర చెబితే అది చెరువు రొయ్యో ఫ్రీజర్ సరుకో అయి ఉంటుంది. చెరువు రొయ్య చెడ్డదేం కాదు, భీమవరం తెలిసినవాళ్ళకు చెప్పాలా, సముద్రపు ధర మాత్రం ఇవ్వకండి. కాయో దె ఆచా అనే ఖరీదైన గుల్ల కండ పేరుతో టేకు చేప రెక్కను గుండ్రంగా కోసి అమ్మడం పాత మోసం. అన్ని బిళ్ళలూ అచ్చు పోసినట్టు ఒకే కొలతలో ఉంటే అనుమానించండి.

షుగర్, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, రోజూ గ్యాస్ మాత్ర వేసుకునేవాళ్ళు పచ్చిది ఒక్క ముక్క కూడా తినకూడదు. కడుపులో ఆమ్లం తగ్గితే విబ్రియోకు దారి ఇచ్చినట్టే. లివర్ దెబ్బతిన్నవాళ్ళలో విబ్రియో వుల్నిఫికస్ రెండు మూడు రోజుల్లో ప్రాణం తీయగలదు.

విరేచనాలు సాధారణంగా ఒక రోజులో మొదలవుతాయి. మందుల షాపులో వీదా సువేరో ఓరల్ అడగండి, అది మన ఓఆర్ఎస్ పొడే, పొట్లం ఒక లీటరు సీసా నీళ్ళలో కలపాలి. జ్వరమో నెత్తురో ఉంటే విరేచనాలు ఆపే మాత్ర వేసుకోకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అత్యవసర నంబర్ 911. హెపటైటిస్-ఎ బయటపడటానికి 15 నుంచి 50 రోజులు పడుతుంది. మంచినీటి చేపతో చేసిన సెవిచేలో (నిమ్మరసంలో నానబెట్టిన పచ్చి చేప ముక్కలు) ఉండే గ్నాథోస్టోమా పురుగు వారాల తర్వాత చర్మం కింద చోటు మారే వాపుగా తేలుతుంది. ఇంటికొచ్చాక కళ్ళు పచ్చబడినా, అలాంటి వాపు కనిపించినా, మెక్సికోలో పచ్చి చేప తిన్న సంగతి డాక్టర్‌కు మొదటే చెప్పండి, లేకపోతే ఆ పరీక్షలు రాయాలని ఇక్కడ ఎవరికీ తట్టదు.