దుమ్ము తీసే ఆప్షన్ మీదే నా కోపమంతా: పాత షో కార్ల స్లైడ్లకు వాడిన ఫ్లాట్‌బెడ్ స్కానర్

ఈ స్కానర్ కొన్న కొత్తలో నేను ఐదు నక్షత్రాలూ ఇచ్చేశాను. ముఖ్యంగా దీని ఇన్‌ఫ్రారెడ్ డస్ట్ రిమూవల్‌ని, అంటే స్కాన్‌లో దుమ్ము మచ్చల్ని తనంతట తాను తీసేసే ఆప్షన్‌ని, తెగ మెచ్చుకున్నాను. మా ఇంటి పెళ్లిళ్ల కలర్ నెగటివ్‌ల వరకు ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. బీరువాలో ఏళ్ల తరబడి నలిగిన నెగటివ్‌లు నిన్న కడిగినట్టు వచ్చాయి. కానీ ఆ తర్వాత ఈ మెషిన్‌తో నేను చేస్తూ వచ్చిన పని వేరు. ఇక్కడ దక్షిణ కాలిఫోర్నియాలో 1950లు, 60ల నాటి కస్టమ్ షో కార్ల (యజమానులు తమకు నచ్చినట్టు మార్పించుకుని ప్రదర్శనలకు తెచ్చే బళ్ల) స్లైడ్లు పోగుచేసి, ఒక బండి చరిత్ర వెతుకుతున్నాను. ఆ పనిలో ఇదే ఫీచర్ నన్ను నిలువునా ముంచింది.

స్పెసిఫికేషన్లు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. పెట్టె మీద 6400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని ఉంది కదా, నేను 2400 దాటడం మానేశాను. అంతకు మించితే ఫైలు బరువెక్కుతుందే తప్ప కొత్త వివరం ఏమీ కనబడదు. 2400 దగ్గర 35 ఎంఎం స్లైడుకి దాదాపు 3400 బై 2270 పిక్సెళ్లు వస్తాయి. నా అవసరానికి అది చాలు.

కారు చరిత్రకి ఫొటోలెందుకు, కాగితాలు చూస్తే తేలిపోదా అని చాలామంది అడుగుతారు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపు రోల్స్‌రాయిస్ ఉంది, 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, బార్కర్ వాళ్లు బాడీ కట్టింది. రోల్స్‌రాయిస్ వాళ్లు చాసిస్‌కి ఒక కార్డు చొప్పున రాసి పెట్టుకున్నారు కాబట్టి అలాంటి బండి పుట్టుక ఎక్కడో ఒకచోట సిరాలో ఉంటుంది. కస్టమ్ కారుకి ఆ దిక్కు లేదు. ఒక కుర్రాడు ఫోర్డ్ వాళ్ల పాత మెర్క్యురీ కారు కొంటాడు. టాప్ కోసి కిందికి దించుతాడు, డోర్ హ్యాండిళ్లు తీసేసి ఆ చోటు పూడుస్తాడు, అతుకుల మీద సీసం కరిగించి నున్నగా రాస్తాడు, ఇంజన్ మారుస్తాడు, షోకో రంగు వేస్తాడు. మోజు తీరాక అమ్మేస్తాడు. కొన్నవాడికి అది వట్టి పాత కారు. పాత యజమానులెవరో ప్రభుత్వ రికార్డుల్లో చూద్దామంటే, 1994 నాటి ఫెడరల్ ప్రైవసీ చట్టం వచ్చాక బయటివాళ్లకు ఆ వివరాలు దొరకడం చాలా కష్టం. ఇక మిగిలేది ఎవరో ప్రేక్షకుడు సరదాకి తీసిన స్లైడే.

హిరోహటా మెర్క్ అనే కస్టమ్ మెర్క్యురీ సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. 1951 మెర్క్యురీని కస్టమ్ కార్లు కట్టే బ్యారిస్ సోదరులు 1952లో బాబ్ హిరోహటా కోసం మార్చారు. 1959లో జిమ్ మెక్‌నీల్ అనే కుర్రాడు దాన్ని 500 డాలర్లకు కొన్నాడు. 2022 జనవరిలో వేలానికి వస్తే 21 లక్షల డాలర్లు దాటింది. ఆ బండి గురించి అప్పటి పత్రికలు బోలెడు రాశాయి, మెక్‌నీల్ కుటుంబం దశాబ్దాల పాటు దాన్ని వదల్లేదు, అందుకే కథ తెగకుండా నిలిచింది. అందరికీ ఆ అదృష్టం ఉండదు. కస్టమ్ కార్లు కట్టడంలో పేరుమోసిన ఎడ్ రాత్ అంతటివాడు 1964లో కట్టిన ఆర్బిట్రాన్ అనే బండి కూడా జాడ లేకుండా పోయి, చివరికి 2007లో మెక్సికోలోని హ్వారెజ్ నగరంలో శిథిలంగా దొరికింది. పేరున్నవాడి బండికే ఆ గతి పడితే, ఊరూపేరూ లేనివాటి మాటేమిటి?

నేను వెతుకుతున్నది అలాంటి 1950 మెర్క్యురీ. ఇప్పుడు అది మా వీధిలో ఒక పెద్దాయన దగ్గరుంది. 60ల మొదట్లో షోల్లో తిరిగిన బండేనని అమ్మినవాళ్లు చెప్పారట, అంతకు మించి కాగితం ముక్క లేదు. డోర్ అంచున ఒకచోట తడిపి సన్నటి ఎమెరీ కాగితంతో రుద్దితే రంగులు ఒకదాని కింద ఒకటి వలయాలుగా బయటపడ్డాయి. అన్నిటికన్నా అడుగున బంగారు బేస్, దాని మీద మెరూన్ క్యాండీ, అంటే అడుగు మెరుపు కనబడే పారదర్శకమైన రంగు. డాష్‌బోర్డుని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అదే మెరూన్ మీద మీగడ రంగు పిన్‌స్ట్రైపింగ్, అంటే కుంచెతో వేసిన సన్నటి అలంకారపు గీతలు. ఎడమవైపు వంపు చివర రెండు మెలికలు, కుడివైపు ఒకటే. స్టెన్సిల్ కాదు కదా, కుంచెతో ఒక్క ఊపున లాగిన గీత. ఇంకో బండి మీద అచ్చం అలాగే పడదు.

పొమోనా స్వాప్ మీట్‌లో (పాత సామాన్ల సంతలో) కొన్న ఒక డబ్బాలో వరసగా కొన్ని కోడాక్రోమ్ (కోడాక్ వాళ్ల కలర్ ఫిల్ము) స్లైడ్లు దొరికాయి. అట్ట చట్రం అంచున 1962 ముద్ర. ఏదో హాల్లో షో, మెరూన్ మెర్క్యురీ. ఒకదాంట్లో వెనక పసుపు మీద నలుపు అక్షరాల కాలిఫోర్నియా ప్లేటు. ఆ ప్లేట్లు 1956 నుంచి ఇచ్చారు, 1963లో నలుపు మీద పసుపు వచ్చింది. కాబట్టి ముద్రకీ ప్లేటుకీ పొంతన కుదిరింది. పక్క స్లైడులో తలుపు తెరిచి దగ్గరగా తీసిన డాష్‌బోర్డు. నాకు గుండె ఆగినంత పనైంది.

స్కాన్ చేసి, మెర్క్యురీలు బాగుచేసే ఒక అనుభవజ్ఞుడికి పంపాను. ఆయన జవాబు రెండు ముక్కలు: ఇది ఆ బండి కాదు, రెండు వైపులా వంపులు ఒకేలా ఉన్నాయి. స్క్రీన్ మీద చూస్తే నిజమే. గీతలు అక్కడక్కడా తెగి, మెలికలు కరిగిపోయి, రెండూ మొద్దుగా ఒకే తీరుగా ఉన్నాయి. పెద్దాయన పైకి ఏమీ అనలేదు కానీ ఆ తర్వాత చాలాకాలం ఆ బండి ఊసే ఎత్తలేదు. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఒక రాత్రి స్లైడుని లైట్ ప్యాడ్ మీద పెట్టి భూతద్దంతో చూస్తే ఎడమవైపు రెండు మెలికలూ స్పష్టంగా ఉన్నాయి. ఫిల్ములో ఉన్నదాన్ని స్కానర్ తినేసింది.

కారణం ఇదీ. ఇన్‌ఫ్రారెడ్ కాంతి మామూలు కలర్ ఫిల్ము రంగుల్లోంచి దూరిపోతుంది, దుమ్ము దగ్గర ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో అక్కడ దుమ్ము ఉందనుకుని సాఫ్ట్‌వేర్ పక్క పిక్సెళ్లతో పూడ్చేస్తుంది. కోడాక్రోమ్‌లో ముదురు రంగున్న చోట ఆ కాంతి కొంత ఆగుతుంది. వెండి రేణువులుండే బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లలోనైతే మరీను. ముదురు మెరూన్ మీద సన్నటి లేత గీత అంటే దీనికి సరిగ్గా దొరికిన బలి. నా కోపం టెక్నాలజీ మీద కాదు, దానికి ఆ హద్దు ఉందని ఈ రంగంలో ఎప్పటినుంచో తెలిసిందే. ఆటో మోడ్‌లో ఈ ఆప్షన్ తనంతట తాను ఆన్ అయి ఉంటుంది. దీనితో వచ్చిన మాన్యువల్‌లో కోడాక్రోమ్ అన్న పేరే లేదు. కస్టమర్ కేర్‌కి రాస్తే స్లైడుని మెత్తటి గుడ్డతో తుడవమన్నారు. పాత ఫొటోలని కాపాడతానని అమ్మే వస్తువు, చెప్పాపెట్టకుండా ఫొటోలోని సాక్ష్యాన్ని చెరిపేస్తే దాన్ని చిన్న లోపం అనలేను.

ఆప్షన్ ఆపేసి మళ్లీ స్కాన్ చేశాను. బొమ్మ నిండా దుమ్ము, ఒక వెంట్రుక కూడా. గీతలు మాత్రం డాష్‌బోర్డు మీద ఎలా ఉన్నాయో అలాగే. ఆ అనుభవజ్ఞుడు రెండోసారి చూసి మాట మార్చుకున్నాడు, అయితే పూర్తిగా కాదు. డాష్‌బోర్డుని ఇంకో బండిలోంచి తెచ్చి పెట్టి ఉండొచ్చు అన్నాడు. న్యాయమైన అనుమానమే. డోర్ అంచున దొరికిన మెరూన్ మావైపు సాక్ష్యం చెబుతోంది. నా మట్టుకు నేను నమ్ముతున్నాను, పెద్దాయన నాకన్నా ఎక్కువ నమ్ముతున్నారు.

రంగుల విషయంలో కొంత మెచ్చుకోవాలి. చీకట్లో దాచిన కోడాక్రోమ్ రంగు చాలా గట్టిగా నిలుస్తుంది. కోడాక్ వాళ్లదే ఇంకో రకం స్లైడ్ ఫిల్ము, ఆ కాలపు ఎక్టాక్రోమ్‌లు ఎర్రబడిపోతాయి, వాటిని చూసి మెరూన్ అని తేల్చలేం. ఈ స్కానర్ కోడాక్రోమ్‌కి నీలిఛాయ పూస్తుంది, కానీ కోడాక్రోమ్ టార్గెట్‌తో (తెలిసిన రంగులున్న నమూనా స్లైడుతో) పోల్చి రంగుల్ని సరిచేసే ప్రొఫైల్ తయారుచేసుకున్నాక దాదాపు సరిపోయింది. గాజు లోపలివైపు పట్టిన మసక నన్ను విసిగిస్తోంది, విప్పి తుడుచుకోవాలి.

ఇప్పుడు మూడు నక్షత్రాలు. నా చేతిలో ఉన్నవి ఎక్కువగా కోడాక్రోమ్‌లు, నేను వెతికేవి వెంట్రుకంత గీతలు, కాబట్టి ఈ లెక్క. మీ దగ్గర 80లు, 90ల కలర్ నెగటివ్‌లే ఉంటే ఇంకొకటి కలుపుకోండి, ఆ ఆప్షన్ నిశ్చింతగా వాడుకోండి. పాత బళ్ల ఫొటోలైతే ముందు ఆటో మోడ్‌లోంచి బయటికి రండి. స్కాన్‌ని ఎవరికైనా పంపేటప్పుడు డస్ట్ రిమూవల్ ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో ఫైలు పేరులోనే రాసి పంపండి.