మూడేళ్లుగా స్ఫియర్ షేపింగ్‌తో: చిన్న బ్లాకు ఇచ్చిన ఊరట, ఒక్క రౌండింగ్ తెచ్చిన తంటా

ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే రాసుకోగల చిప్) బోర్డుల మీద వైర్‌లెస్ లింకులు నడిపించడం నా పని. మూడేళ్ల కిందట మా డిజైన్‌లో సీసీడీఎం (బ్లాకులో ఏ విలువ ఎన్నిసార్లు రావాలో ముందే బిగించే షేపింగ్ పద్ధతి) తీసేసి, దాని చోట ఎన్యూమరేటివ్ స్ఫియర్ షేపింగ్ (బ్లాకు మొత్తం శక్తికి మాత్రమే హద్దు పెట్టేది) పెట్టాను. మళ్లీ పాతదానికి వెళ్దామని ఒక్కసారి కూడా అనిపించలేదు. షేపింగ్ అంటే తక్కువ శక్తి పట్టే సంకేతాలను ఎక్కువసార్లు, ఎక్కువ శక్తి పట్టేవాటిని తక్కువసార్లు పంపి శక్తి ఆదా చేయడం; అలా దక్కే లాభానికి సిద్ధాంతపు హద్దు 1.53 డీబీ (డెసిబెల్). అంతకు మించి ఆ వివరాల జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది బ్లాకు పొడవు, అంటే ఒక్కసారికి కలిపి మలిచే సంకేతాల సంఖ్య గురించి.

సీసీడీఎం మంచి పద్ధతే. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో బోషెరర్, షుల్టే వాళ్లు యాంప్లిట్యూడ్‌ను (సంకేతం పరిమాణాన్ని) షేపర్ నుంచి, గుర్తును (ప్లస్సో మైనస్సో) తప్పులు దిద్దే ఎల్‌డీపీసీ కోడ్ పారిటీ బిట్ల నుంచి తీసుకునే దారి వేయకపోతే నాలాంటివాళ్లు షేపింగ్ ముట్టుకునేవాళ్లే కాదు. చిక్కల్లా బ్లాకు పొట్టిగా ఉన్నప్పుడే. మాది 64-క్వామ్ (యాంప్లిట్యూడ్ విలువలు 1, 3, 5, 7 ఉండే సంకేత పద్ధతి), బ్లాకుకి 64 యాంప్లిట్యూడ్లు. అందులో 1లు 26, 3లు 20, 5లు 12, 7లు 6 అని బిగించి లెక్క వేశాను. ఎంట్రోపీ (సిద్ధాంతం ఒప్పుకునే గరిష్ఠ బిట్ల లెక్క) ప్రకారం దాదాపు 117 బిట్లు పట్టాలి. నిజంగా పట్టింది 108. యాంప్లిట్యూడ్‌కి 0.14 బిట్టు నేలపాలు. ఒక బిట్టుకి సుమారు 6 డీబీ లెక్కన ఇది 0.8 డీబీ పైమాటే. మొత్తం దక్కేదే 1.53 అయితే అందులో సగానికి పైగా ఇలా పోతే కష్టపడి షేపింగ్ పెట్టింది దేనికి? నష్టం తగ్గాలంటే బ్లాకు పెంచాలి, పెంచితే ఆలస్యం. ఒక్కో యాంప్లిట్యూడ్‌కి ఒక్క క్లాకే పట్టినా, 200 మెగాహెర్ట్జ్ దగ్గర 64కి 320 నానోసెకన్లు, 1024కి 5 మైక్రోసెకన్లు దాటుతుంది. మా ఆలస్యం బడ్జెట్‌లో అంత చోటు లేదు.

స్ఫియర్ షేపింగ్ ఏం చేస్తుందో కాగితం మీద వేసుకున్న రోజు నాకు బాగా గుర్తు. నాలుగు యాంప్లిట్యూడ్లు, విలువలు 1, 3, 5. సీసీడీఎంలో రెండు 1లు, రెండు 3లు అని కట్టేస్తే వచ్చే వరుసలు 6, అంటే 2 బిట్లు. శక్తి, అంటే విలువల వర్గాల మొత్తం, 20. అదే, ఏ విలువ ఎన్నిసార్లు వచ్చినా సరే, మొత్తం శక్తి 28 దాటకూడదు అని మాత్రమే అంటే? అన్నీ 1లే అయితే ఒకటి, ఒక 3 ఉంటే నాలుగు, రెండు 3లుంటే ఆరు, మూడు 3లుంటే నాలుగు, ఒక 5 ఉంటే ఇంకో నాలుగు. మొత్తం 19. నాలుగు బిట్లు పట్టేశాయి! సగటు శక్తి చూస్తే 20.8, పెరిగింది లేనట్టే. ఆ కాగితం ఇప్పటికీ నా డెస్కు ముందు అంటించి ఉంది.

పైగా గుణకారాలు లేవు. నెట్ కలిసేటప్పుడు కీచుమనే పాత డయల్‌అప్ మోడెంలు గుర్తున్నాయా? 1994 నాటి వీ.34లో వాడిన షెల్ మ్యాపింగ్ కూడా ఇలా శక్తిని బట్టి వరుసలు ఎంచేదే, కానీ దానికి గుణకారాలు కావాలి. ఐండ్‌హోవెన్‌లో విలెమ్స్ మొదలుపెట్టిన ఈ పద్ధతికి కూడిక, తీసివేత, పోలిక చాలు. మల్టిప్లయర్లు కరువైన బోర్డు మీద ఇది పెద్ద వరం.

ఇక తంటా సంగతి. ఈ పద్ధతికి ఒక టేబుల్ కావాలి: ఏ మెట్టులో, ఎంత శక్తి ఖర్చయ్యాక, ఇంకా ఎన్ని దారులు మిగిలాయో చెప్పే అంకెలు. శక్తి హద్దు 800 పెడితే టేబుల్‌కి 93 అడ్డాలు, 64 నిలువులు, పెద్ద అంకె వంద బిట్లకు పైనే. అన్నిటికీ ఒకే వెడల్పు ఇస్తే ఆరు లక్షల బిట్లు దాటుతుంది. అందుకే ఒక్కో అంకెను 12 బిట్ల మాంటిస్సా (ముందున్న ముఖ్యమైన బిట్లు), 7 బిట్ల ఎక్స్‌పోనెంట్‌గా (రెండు ఘాతం) కుదించాను. మెమరీ ఐదో వంతుకు లోపే సరిపోయింది. టేబుల్ తయారుచేసే స్క్రిప్టులో దగ్గరి విలువకు రౌండ్ చేశాను. అక్కడే పడింది దెబ్బ.

వారాల తరబడి లింకు చక్కగా నడిచింది. ఎప్పుడో ఒక ఫ్రేము మాత్రం పోయేది. "అన్నా, ఎల్‌డీపీసీ క్లీన్‌గా ఉంది, సీఆర్‌సీ మాత్రం ఫెయిలవుతోంది" అన్నాడు పక్కన కూర్చునే తమ్ముడు. అంటే తప్పులు దిద్దే దశ బాగానే ఉంది, చివరి తప్పుల తనిఖీ దగ్గర పోతోంది. కేబుళ్లు మార్చాం, క్లాకును అనుమానించాం, పవర్ సప్లయ్ మార్చాం. డెమో దగ్గరపడుతుంటే టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి ఒక రాత్రి రేడియో మొత్తం పక్కన పెట్టి, పోయిన ఫ్రేము డేటానే లూప్‌బ్యాక్‌లో, అంటే పంపేవైపు నుంచి నేరుగా అందుకునేవైపుకి, మళ్లీ పంపాను. పోయింది. పదిసార్లు పంపితే పదిసార్లూ పోయింది. అప్పుడు గానీ అర్థం కాలేదు, ఇది గాలిలో వచ్చే తప్పు కాదని.

ఇండెక్సును, అంటే బ్లాకు డేటా బిట్లన్నీ కలిసి అయ్యే అంకెను, మెట్టు మెట్టుగా నడిపించి చూశాను. ఒక మెట్టులో 1, 3, 5, 7 నాలుగు దారుల వాటాలూ తీసేశాక కూడా ఇండెక్సు మిగిలిపోయింది. వెళ్లడానికి దారి లేదు. పైన చెప్పిన 19నే తీసుకోండి. నాలుగు బిట్ల మాంటిస్సాలో దగ్గరికి రౌండ్ చేస్తే 20 అవుతుంది. ఉన్నవి 19 దారులైతే టేబుల్ 20 ఉన్నాయంటోంది. ఆ లేని ఇరవయ్యో దారి ఎవరికి తగిలితే వాళ్ల ఫ్రేము పోతుంది. కిందికి దించితే 18. ఒక వరుస వృథా అవుతుంది, కానీ దారి లేని ఇండెక్సు ఉండదు. ఎప్పుడూ కిందికే దించాలని ఈ కుదింపు గురించిన పేపర్లో స్పష్టంగా రాసి ఉంది, నేను దాన్ని అమలు వివరంగా చదివి దాటేశాను. స్క్రిప్టులో ఒక్క లైను మారింది. ఆ తర్వాత ఆ తప్పు ఈ రోజు వరకు రాలేదు.

ఆలస్యం గురించి ఒక మాట సరిచేయాలి. స్ఫియర్ షేపింగ్ కూడా యాంప్లిట్యూడ్ తర్వాత యాంప్లిట్యూడ్ నడిచేదే, ఒక్కో మెట్టు దానిలో త్వరగా ఏమీ అవదు. ఆలస్యం తగ్గింది బ్లాకు పొట్టిగా ఉంచగలిగినందువల్ల. బ్లాకు పెరిగేకొద్దీ సీసీడీఎం నష్టం కరిగిపోతుంది, అప్పుడు ఈ టేబుల్ మోయడం దండగ అనిపించవచ్చు. డీకోడర్ దాటి వచ్చిన ఒక్క తప్పు బిట్టు బ్లాకునంతా పాడుచేసే జబ్బు రెండింటికీ ఉంది, మాకు ఒక్క పొట్టి బ్లాకుతో పోతుంది, అంతే.

మా లింకు వేగం ఓ మోస్తరుది, బ్లాకు పొట్టిది, మెమరీ తక్కువ. ఈ మూడూ ఉన్నవాళ్లకు నిస్సంకోచంగా చెప్తాను, పెట్టుకోండి. ఫైబర్ మీద వందల గిగాబిట్లు నడిపేవాళ్లకు ఇలాంటి ఇంజిన్లు పక్కపక్కనే చాలా కావాలి. వాళ్లకు చిన్న చిన్న లుక్‌అప్ టేబుళ్లు అంచెలంచెలుగా పేర్చిన పద్ధతులే నయం కావచ్చు. నేను ఆ వేగాల దగ్గర పనిచేయలేదు. టేబుల్ మార్చిన ప్రతిసారీ మాత్రం ప్రతి ఖానా అంకె దాని కింది నాలుగు దారుల మొత్తాన్ని మించలేదని చూసే చెక్ ఒకటి నా స్క్రిప్టు చివర ఉంది. అది పాసైతేనే బిల్డ్ మొదలవుతుంది.