మిలాన్‌లో మూడేళ్లు: పాసు, ట్రాము, కాఫీ కౌంటరు

రవాణాకు పదికి తొమ్మిది మార్కులు. నెల పాసు 39 యూరోలు, 27 ఏళ్ల లోపు వాళ్లకు 22. విడి టికెట్ 2.20, మెట్రో, ట్రాము, బస్సు అన్నింటికీ 90 నిమిషాలు చెల్లుతుంది. టికెట్ కొనకుండా బ్యాంకు కార్డునే గేటుకు ఆనించొచ్చు. మెట్రోలో బయటికి వచ్చేటప్పుడూ ఆనించాలి, అదీ అదే కార్డు. లోపలికి కార్డుతో వెళ్లి బయటికి ఫోన్‌తో వస్తే, రెండూ ఒకే ఖాతావైనా మిషన్‌కు ఇద్దరు మనుషులే. డబ్బులు ఎక్కువ పోయేది ఇక్కడే. లినాతే ఎయిర్‌పోర్టుకు ఎం4 మెట్రో లైను నేరుగా వెళ్తుంది, మామూలు టికెట్ చాలు. మల్పెన్సా ఎయిర్‌పోర్టుకు మాత్రం పాసు పనికిరాదు, రైలు టికెట్ విడిగా కొనాలి.

తగ్గిన ఆ ఒక్క మార్కు సమ్మెలది. 'షోపెరో' అన్న నోటీసు కనిపిస్తే గడియారం చూసుకోండి: ఉదయం 8:45 దాకా, మళ్లీ 3 నుంచి 6 దాకా బండ్లు తిరుగుతాయి. మిగతా సమయానికి హామీ లేదు. ఎక్కువగా శుక్రవారాలే పెడతారు, ఎందుకో చెప్పక్కర్లేదు. రాత్రి మెట్రో మూసేశాక కూడా 90, 91 నంబర్ల రింగు బస్సులు తిరుగుతాయి. 1928 నాటి చెక్క బెంచీల ట్రాములు చూడ్డానికి ముచ్చటే గానీ మెట్లు ఎత్తు, పెద్ద సూట్‌కేసుతో ఎక్కొద్దు. రద్దీలో వెనకనుంచి 'షెందే?' అని వినిపిస్తే 'దిగుతున్నారా?' అని అడుగుతున్నట్టు. దిగకపోతే పక్కకు జరగాలి.

మనుషులతో కలవడం దీనికన్నా కష్టం, కానీ తెలుగువాళ్లకు ఒక సుళువుంది. 'తు', 'లేయ్' అంటే మన నువ్వు, మీరే. షాపులో, ఆఫీసులో, పెద్దవాళ్లతో 'లేయ్', పలకరింపుకు 'బొంజోర్నో'; 'చావ్' అన్న పలకరింపు తోటివాళ్లకే. (ఆ మాట మన చెవికి కొన్నాళ్లు అదోలా ఉంటుంది.) కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే ఇంకో ధర. స్టేషన్ బార్లలో (ఇక్కడ బారంటే కాఫీ కొట్టే) ముందు గల్లాలో డబ్బు కట్టి, రసీదు కౌంటరు మీద పెట్టాలి. రోజూ ఒకే బారుకు, ఒకే వేళకు వెళ్లండి. మాటలు మొదలయ్యేది అక్కడే.

పరిచయం స్నేహమయ్యేది 'అపెరితీవో' దగ్గర, అంటే రాత్రి భోజనానికి ముందు డ్రింకు. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, ఒక డ్రింకుకు సుమారు పది యూరోలు, చిరుతిండి దాంతోనే వస్తుంది. మందు తాగని వాళ్లు 'అనాల్కోలికో' అంటే చాలు, ఎవరూ వింతగా చూడరు. నవీల్యి కాలవల పక్కన సందడి ఎక్కువ, దోమలూ ఎక్కువే. హోటల్ బిల్లులో 'కొపెర్తో' అని మనిషికి రెండు మూడు యూరోలు పడితే మోసం కాదు, టేబుల్ ఖర్చు. 'అల్లా రొమానా' అంటే బిల్లు సమానంగా పంచుకోవడం.

శాకాహారులు 'వెజెతరియానో' అని చెప్పి ఊరుకోవద్దు. పసుపు రంగు మిలాన్ రిసోత్తోలో (అన్నం వంటకం) పడేది కుంకుమపువ్వే, కానీ పాత పద్ధతిలో ఎముక మూలుగ, మాంసం రసం కూడా పడతాయి. 'సెన్జా బ్రోదో ది కార్నే?' (మాంసం రసం లేకుండానా?) అని అడిగి తీరాలి. పార్మిజానో చీజ్‌లోనూ దూడ కడుపునుంచి తీసిన రెన్నెట్ (పాలను విరిచే పదార్థం) ఉంటుంది.

ఆగస్టులో దిగేవాళ్లకు ఒక మాట: 15న ఫెర్రగోస్తో సెలవు, దాని చుట్టూ వారాల తరబడి షాపులకు షట్టర్లే. స్నేహాల ప్రయత్నం సెప్టెంబరులో మొదలుపెట్టండి.