బ్రేకు వేస్తే ముందు నుంచి టక్కుమనే చప్పుడు: కోన్ సెట్ బిగించాలా, మార్చాలా, టేపర్ రోలర్ వేయించాలా?

ముందు బ్రేకు నొక్కగానే హ్యాండిల్ కింద ఎక్కడో "టక్" మని చప్పుడు రావడం, ఆ అదురు అరచేతులకు తెలియడం, కొన్నేళ్లు గతుకుల్లో తిరిగిన బళ్లలో తరచుగా కనిపించే సమస్య. వర్క్‌షాపులో దీనికి మొదట వినిపించే మాట "కోన్ సెట్ లూజైంది, బిగిస్తే పోతుంది" అన్నది (హ్యాండిల్ తిరగడానికి ఛాసిస్ మెడలో పైనా కిందా ఉండే బేరింగులనే కోన్ సెట్ అంటారు). ఆ మాటలో మొదటి సగం చాలాసార్లు నిజమే అవుతుంది, రెండో సగాన్ని మాత్రం పరీక్షించకుండా నమ్మకూడదు. ఉన్న కోన్ సెట్‌ను బిగించడం, అదే రకం బాల్ సెట్ కొత్తది వేయించడం, దాని బదులు టేపర్ రోలర్ బేరింగులు (బాల్స్ స్థానంలో ఒక కొస సన్నబడే రోలర్లు ఉండేవి) వేయించడం అని మన ముందు మూడు దారులున్నాయి. వాటిలో ఏది మేలో తేల్చే ముందు, చప్పుడు కోన్ సెట్ నుంచే వస్తోందని రూఢి చేసుకోవాలి.

ఎక్కువమంది చేసే పరీక్ష బండిని నేల మీదే ఉంచి, ముందు బ్రేకు గట్టిగా పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపి చూడడం. చప్పుడు ఉందని అది చెబుతుంది గాని ఎక్కడుందో చెప్పదు. బ్రేకు పట్టి ఊపినప్పుడు కోన్ సెట్‌లోని వదులు, ఫోర్కు బుష్‌లోని (ఫోర్కు రాడ్డు జారే లోపలి తొడుగులోని) వదులు, కాలిపర్‌లో (డిస్కును ప్యాడ్లతో పట్టే భాగంలో) ప్యాడ్లు జరిగే సందు మూడూ ఒకేసారి కదులుతాయి. చెవికి మూడూ ఒకేలా వినిపిస్తాయి. చక్రం గాలిలోకి లేపి చేసే పరీక్షకు ఇంకొక మనిషి సాయం కావాలి, కాస్త ఓపికా కావాలి, అయినా నేను దానినే నమ్ముతాను. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, వెనుక సీటు మీద బరువు వేయించి ముందు చక్రాన్ని లేపాలి. సెంటర్ స్టాండ్ లేని బళ్లకు ఇంజను కింద చెక్క పెట్టి జాకీతో లేపాలి, బండి పక్కకు ఒరగకుండా ఒకరు పట్టుకోవాలి. తర్వాత చక్రానికి ఎదురుగా కూర్చుని, రెండు ఫోర్కుల కింది చివరలను ఇరుసు దగ్గర పట్టుకుని మన వైపుకు లాగుతూ, వెనక్కి నెడుతూ ఉండాలి. ఆ సమయంలో రెండో మనిషి తన వేలి కొసను కింది టీకీ (రెండు ఫోర్కులను కలిపి పట్టే అడ్డ భాగానికీ) ఛాసిస్ మెడకూ మధ్య ఉన్న సందు మీద ఆనించి ఉంచాలి. అక్కడ కదలిక తగిలితే వదులు కోన్ సెట్‌లోనే ఉన్నట్టు. అక్కడ ఏమీ తగలక, ఫోర్కు లోపలి రాడ్డు బయటి గొట్టంలోకి దిగే చోట, డస్ట్ సీలు పక్కన వేలికి కదలిక తెలిస్తే తప్పు బుష్‌ది. బ్రేకు పట్టుకోలేదు కాబట్టి ప్యాడ్ల మాట ఇక్కడ రాదు. బుష్ దగ్గర కొద్దిపాటి సందు కొత్త బండిలోనూ ఉంటుందని మాత్రం గుర్తుంచుకోవాలి.

చక్రం లేపి చూసినప్పుడు ఎక్కడా వదులు దొరక్కపోతే బ్రేకు వైపు చూడాలి. బండిని చేత్తో ముందుకు నెట్టి బ్రేకు తట్టి, వెనక్కి నెట్టి మళ్లీ తట్టండి. దిశ మారిన ప్రతిసారీ ఒక్కొక్క "టిక్" వస్తే అది ప్యాడ్లు కాలిపర్‌లో జరిగే చప్పుడు. సన్నగా వినిపిస్తే పట్టించుకోనక్కర్లేదు. గట్టిగా వస్తే, ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని నొక్కి ఉంచే స్ప్రింగు పలకను తిరిగి పెట్టారో లేదో చూడాలి, కాలిపర్ బోల్టులనూ తడిమి చూడాలి. డ్రమ్ము బ్రేకు బళ్లలో ఫోర్కు మీది బుడిపె బ్రేకు ప్లేటు గాడిలో కూర్చుంటుంది. ఆ గాడి అరిగినా అచ్చం ఇలాంటి చప్పుడే వస్తుంది. ఫోర్కు పూర్తిగా దిగిన తర్వాత చివరన "దబ్" మంటే అది పాతబడిన లేదా తగ్గిన ఫోర్కు ఆయిల్ వల్ల కావచ్చు, కోన్ సెట్ చప్పుడు మాత్రం బ్రేకు పడిన మొదటి క్షణంలోనే వస్తుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ పైబడిన కొత్త బళ్లన్నిటికీ ఏబీఎస్ (చక్రం పట్టేయకుండా బ్రేకును వదిలి పట్టే ఏర్పాటు) తప్పనిసరి అయింది కాబట్టి, ఇసుక మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు లివర్ టకటకా కొట్టుకోవడాన్ని కూడా కొందరు లోపమనుకుంటున్నారు. అది ఏబీఎస్ తన పని తాను చేయడం.

ఇక తప్పు కోన్ సెట్‌దే అని తేలిందనుకుందాం. బిగించడమా మార్చడమా అన్నది తేల్చే పరీక్ష ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ దాటవేయకూడదు. చక్రం గాలిలో ఉండగానే హ్యాండిల్‌ను రెండు వేళ్లతో పట్టుకుని ఎడమ నుంచి కుడికి చాలా నెమ్మదిగా తిప్పండి. తిన్నగా ఉండే చోటికి వచ్చేసరికి అది చిన్న గుంతలో పడ్డట్టు ఆగి, కొంచెం బలం పెడితే గాని కదలకపోతే రేసుల (బాల్స్ దొర్లే వలయాల) మీద గుంటలు పడ్డాయన్నమాట. బండి నడిచే కాలంలో అధిక భాగం హ్యాండిల్ తిన్నగానే ఉంటుంది. గతుకుల దెబ్బలూ బ్రేకు బరువూ అన్నీ బాల్స్ ద్వారా రేసు మీద అవే చోట్ల పడతాయి, బాల్స్ పెద్దగా దొర్లవు కాబట్టి ఆ చోట్ల గ్రీజు పక్కకు నెట్టుకుపోతుంది. బరువు ఎక్కువ మోసేది కింది రేసు, నీళ్లూ బురదా మొదట చేరేదీ అక్కడికే. వాటర్ సర్వీసింగులో ఎక్కువ ప్రెషర్‌తో నీళ్లను సూటిగా ఆ చోటనే కొట్టించడం గ్రీజుకు మరింత చేటు.

గుంటలు లేకపోతే బిగించడమే సరైన పని. పై టీ నట్టు వదులు చేసి, దాని కింద ఉండే గాడుల నట్టును తగిన స్పానర్‌తో కొద్దికొద్దిగా తిప్పుతూ వదులు పోయేవరకు తెచ్చి ఆపడం ఒక మంచి మెకానిక్‌కు ఎంతో సేపు పట్టదు. పై నట్టు మళ్లీ బిగించినప్పుడు లోపలి బిగువు కొంచెం మారుతుంది గనుక ఆ తర్వాత మరోసారి సరిచూడాలి. గుంటలు పడ్డ రేసును బిగించడం మాత్రం పరిష్కారం కాదు, అసలు చప్పుడు కంటే అదే ప్రమాదకరం. చప్పుడు ఆ రోజుకు ఆగుతుంది, కానీ హ్యాండిల్ మధ్యలో పట్టేసి, తక్కువ వేగంలో బండి తిన్నగా పోకుండా అటూ ఇటూ అల్లాడుతుంది. మలుపులో దిద్దుకోవాల్సిన చిన్న కదలికలు సాఫీగా రావు. వంద రూపాయలతో పోతుందని చెప్పి ఈ పని చేసేవారి మాట వినవద్దని గట్టిగా చెబుతాను.

కాబట్టి అసలు పోటీ కొత్త బాల్ సెట్‌కూ టేపర్ రోలర్‌కూ మధ్యనే. బాల్ రేసును తాకేది చుక్కంత చోట, రోలర్ తాకేది గీత పొడవునా. అదే బరువు ఎక్కువ మేర మీద పంచుకోవడం వల్ల రోలర్ రేసుల మీద గుంటలు అంత త్వరగా పడవు. విడి బాల్స్ ఉండే సెట్‌లో పైనా కిందా సరిపడా లెక్క పెట్టి గ్రీజులో కూర్చోబెట్టాలి, ఒకటి జారిపడినా పని చెడుతుంది. రోలర్లు వాటిని పట్టి ఉంచే చట్రంలో (కేజ్) కుదురుగా ఉంటాయి కాబట్టి ఆ బెడద లేదు. ఇక ఖర్చు విషయంలో, రెండింటిలో ఏది వేసినా చక్రం, ఫోర్కులు, హ్యాండిల్, హెడ్‌లైట్, టీ అన్నీ విప్పాల్సిందే, కూలీ దాదాపు ఒకటే. అందువల్ల విడిభాగం ధరలోని తేడా మొత్తం బిల్లులో చిన్న భాగంగానే తేలుతుంది.

అయినా అందరికీ టేపర్ రోలర్ అని చెప్పలేను. రోలర్ సెట్ మొత్తం ఎత్తు పాత బాల్ సెట్ ఎత్తుతో సరిపోకపోతే పై నట్టుకు మరలు చాలవు, లేదా టీ సరిగ్గా కూర్చోదు. మీ మోడల్‌కూ తయారీ సంవత్సరానికీ అని స్పష్టంగా రాసి ఉన్న సెట్ దొరికితేనే కొనాలి, కింది బేరింగుకు డస్ట్ సీలు ఉందో లేదో చూడాలి. హైదరాబాద్ పుత్లీబౌలి లాంటి చోట విడిభాగాలు కొనేవారు పాత కప్పులను (మెడలో కూర్చునే రేసులను) వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోవడం మంచిది. రోలర్లను అతిగా బిగిస్తే హ్యాండిల్ బాల్ సెట్ కంటే బరువుగా మారుతుంది, కాబట్టి బిగించే చేతికి అలవాటు ఉండాలి. ఊళ్లో నెమ్మదిగా నడిచే నూటపది సీసీ బండికి కంపెనీ బాల్ సెట్, మంచి గ్రీజు ఉంటే చాలు. బరువైన బండి మీద జంటగా, సామానుతో, గతుకుల దారిలో రోజూ తిరిగేవారికీ, ఒకసారి మార్చిన బాల్ సెట్ మళ్లీ త్వరగా పోయినవారికీ మాత్రం టేపర్ రోలరే మేలని నా అభిప్రాయం.

ఏది వేయించినా పాత బాల్స్, పాత రేసులు ఉంచి కొత్త వాటిని కలపనివ్వకండి. కప్పులూ కోన్లూ బాల్సూ అన్నీ ఒక జతగా మారాలి. బండి తీసుకునే ముందు చక్రం లేపించి, హ్యాండిల్‌ను మధ్య నుంచి కొద్దిగా పక్కకు నెట్టి వదలండి. కేబుళ్లు ఎక్కడా లాగకుండా ఉంటే అది తన బరువుతోనే మెల్లగా చివరి వరకు పోవాలి, ఎక్కడా ఆగకూడదు, ఫోర్కులు లాగి చూస్తే వదులూ తగలకూడదు. కొత్త రేసులు మెడలో సర్దుకునే కొద్దీ కాస్త వదులు వస్తుంది గనుక 500 నుంచి 1,000 కిలోమీటర్ల లోపు ఇంకొకసారి సరిచూసి బిగిస్తానన్న మాట మెకానిక్ దగ్గర ముందే తీసుకోవాలి.