మెనూ బార్‌కి కొత్త యాప్ వెతికే ముందు ఆప్షన్ కీ నొక్కి చూడండి

ఏళ్ల తరబడి రోజంతా మ్యాక్ మీదే పని చేస్తున్నాను. స్క్రీన్ పైనుండే మెనూ బార్ కోసం ఏ యాప్ వేసుకోవాలని ఎవరడిగినా ముందు ఒకటే చెబుతాను: ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని, అక్కడున్న ఐకాన్లను ఒక్కొక్కటిగా క్లిక్ చేయండి.

వై-ఫైతో మొదలుపెట్టండి. మామూలుగా క్లిక్ చేస్తే నెట్‌వర్క్ పేర్లే కనిపిస్తాయి. ఆప్షన్‌తో క్లిక్ చేస్తే ఐపీ అడ్రస్, ఛానల్, ఆర్‌ఎస్‌ఎస్‌ఐ (సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెప్పే అంకె), నాయిస్ (సిగ్నల్‌కి అడ్డొచ్చే రొద), టీఎక్స్ రేట్ (డేటా పంపే వేగం) అన్నీ బయటికొస్తాయి. వీడియో కాల్ తెగుతూ ఉంటే నేను ముందు చూసేది ఆర్‌ఎస్‌ఎస్‌ఐ. మైనస్ 50 దగ్గర ఉందంటే సిగ్నల్ బ్రహ్మాండంగా ఉన్నట్టు. మైనస్ 80కి పడిపోయిందంటే లేచి రౌటర్ దగ్గరికి వెళ్లాల్సిందే. సిగ్నల్ అంత బాగుండి కూడా కాల్ తెగుతోందంటే, తేడా చాలావరకు బయటి లైన్‌లోనో అవతలివాళ్ల వైపో ఉంటుంది. ఎక్కడ వెతకాలో తెలిస్తేనే సగం టెన్షన్ తగ్గుతుంది. ఇంత పనికొచ్చే సమాచారాన్ని ఆపిల్ ఎందుకు దాచిపెట్టిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సౌండ్ ఐకాన్ మీద ఇదే పని చేస్తే మైక్ కూడా అక్కడే మార్చుకోవచ్చు. గడియారం మీద చేస్తే డు నాట్ డిస్టర్బ్ ఆన్ అవుతుంది, మళ్లీ చేస్తే ఆఫ్. ఫైండర్‌లో గో మెనూ తెరిచి ఆప్షన్ నొక్కితే, అప్పటిదాకా లేని లైబ్రరీ ఫోల్డర్ జాబితాలో ప్రత్యక్షమవుతుంది. ఇక కమాండ్ కీ పట్టుకుని లాగితే ఐకాన్ల వరస మారుతుంది.

నాచ్ (స్క్రీన్ పైన మధ్యలో కెమెరా కోసం వదిలిన నల్లటి కోత) ఉన్న మ్యాక్‌బుక్‌లతోనే అసలు చిక్కు. 2021లో వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోతో మొదలైంది ఇది. ఐకాన్లు ఎక్కువైతే కొన్ని నాచ్ వెనక్కి పోయి, అసలు కనిపించకుండా పోతాయి. దీనికి నేను వాడేది ఐస్, మెనూ బార్ ఐకాన్లను దాచి, కావాలన్నప్పుడు చూపించే యాప్. ఉచితం, ఓపెన్ సోర్స్, మ్యాక్‌ఓఎస్ వెర్షన్ సొనోమా గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. ఇలాంటి యాప్‌లు స్క్రీన్ రికార్డింగ్ పర్మిషన్ అడుగుతాయి. అంత పెద్ద పర్మిషన్ ఇచ్చేటప్పుడు కోడ్ అందరికీ కనిపించే యాప్‌కే నా ఓటు. 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టాహోలో మాత్రం వేరే యాప్‌ల ఐకాన్లను కూడా సిస్టమ్ సెట్టింగ్స్‌లోని మెనూ బార్ పేజీలోంచి ఆపేయొచ్చు. కొన్నింటిని తీసేస్తే చాలనుకునేవాళ్లకు అదే సరిపోతుంది.

కాపీ చేసినవన్నీ గుర్తుపెట్టుకునే మ్యాసీ యాప్‌ని మాత్రం నేను వదలను. షిఫ్ట్, కమాండ్, సీ కలిపి నొక్కి, రెండక్షరాలు టైప్ చేస్తే పొద్దున కాపీ చేసిన లింక్ దొరుకుతుంది. పాస్‌వర్డ్ మేనేజర్లు రహస్యమని గుర్తు పెట్టి కాపీ చేసేవాటిని అది దాచుకోదు. టాహోలో మ్యాక్ సొంత సెర్చ్ అయిన స్పాట్‌లైట్‌కే క్లిప్‌బోర్డ్ హిస్టరీ (కాపీ చేసినవాటి జాబితా) వచ్చింది కానీ నా చేతికి మ్యాసీయే అలవాటు.

స్టాట్స్ అనే యాప్ కూడా మంచిదే. ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్క్ వాడకం పైనే కనిపిస్తాయి. సెన్సర్లు, బ్లూటూత్ మాడ్యూళ్లు ఆపేసుకోండి, ఎక్కువ భారం వాటితోనే. విండోలను పక్కపక్కన పేర్చే రెక్టాంగిల్ యాప్ కూడా బాగుంటుంది, కానీ ఆ పని 2024 నాటి మ్యాక్‌ఓఎస్ సెకోయా నుంచి మ్యాక్‌లోనే ఉంది.

యాప్ మెనూలో ఏదైనా ఎక్కడుందో గుర్తురాకపోతే షిఫ్ట్, కమాండ్, స్లాష్ కలిపి నొక్కండి. తెరుచుకున్న హెల్ప్ మెనూలో దాని పేరు టైప్ చేసి ఫలితం మీదకు వెళ్తే, ఆ మెనూ తనే తెరుచుకుని బాణం గుర్తుతో చోటు చూపిస్తుంది.