డార్ట్‌మూర్ రాతి శిలువలు: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

ఇంగ్లండ్ నైరుతి మూల డెవన్‌లో, డార్ట్‌మూర్ బీళ్ల మీద మధ్యయుగపు గ్రానైట్ శిలువలు చాలా మిగిలాయి. బక్‌ఫాస్ట్, టావిస్టాక్, బక్లండ్ మఠాల మధ్య నడిచేవాళ్లు పొగమంచులో దారి తప్పకుండా కొన్నిటిని పాతారు. కొన్ని సరిహద్దు రాళ్లు. అందుకే ఇవి ఉన్నచోటే చూడాలి, వీలైతే నడిచి వెళ్లి చూడాలి.

ఒక్కటే చూసే వీలుంటే నన్స్ క్రాస్‌కి వెళ్లండి. పాత పేరు సివార్డ్స్ క్రాస్. 1240 నాటి సరిహద్దు పత్రంలోనే దీని ప్రస్తావన ఉంది. ఎత్తు 2 మీటర్లు దాటుతుంది. 1846లో కూలి విరిగితే, 1848లో ఇనుప పట్టీలు వేసి నిలబెట్టారు. ఆ అతుకును దగ్గర నుంచి తప్పక చూడండి, రాతిని కాపాడిన పద్ధతి కళ్లకు కడుతుంది.

ప్రిన్స్‌టౌన్ అనే ఊరి నుంచి దక్షిణంగా సౌత్ హెస్సరీ టార్ అనే రాతిగుట్ట మీదుగా బాట ఉంది, ఒకవైపు సుమారు 4 కిలోమీటర్లు. నడక తేలికే, వాతావరణమే కష్టం. నిమిషాల్లో మంచు కమ్మేస్తుంది, ఫోన్ సిగ్నల్‌ని నమ్మలేం. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన ఓఎల్28 పటం, దిక్సూచి, వాన కోటు ఉండాలి. తూర్పున ఫాక్స్ టార్ మైర్స్ ఊబినేల. అడ్డదారి పడితే మోకాలి దాకా దిగబడొచ్చు, కాబట్టి వెళ్లిన బాటనే తిరిగి రండి.

పిల్లలు, పెద్దవాళ్లతో వస్తే బెన్నెట్స్ క్రాస్ నయం. బీ3212 రోడ్డు పక్కనే, వారెన్ హౌస్ ఇన్ అనే పబ్‌కి దగ్గర. వంకరటింకర రాయి, నన్స్ క్రాస్ అంత ఠీవి ఉండదు. భోజనానికి మాత్రం ఆ ఇన్ చాలా అనుకూలం.

బసకు ప్రిన్స్‌టౌన్ దగ్గరే గానీ గదులు తక్కువ. టావిస్టాక్‌లో ఎంపిక ఎక్కువ, అయితే బీడు మీదికి బస్సులు అరుదు కాబట్టి కారుంటేనే సుఖం. బీడు మీద గుడారం వేసే హక్కును 2025 మేలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఖరారు చేసింది. అయినా అనుమతి ఉన్న ప్రాంతాల పటాన్ని డార్ట్‌మూర్ నేషనల్ పార్క్ వెబ్‌సైట్‌లో చూసుకోండి, శిలువల పక్కన మాత్రం వేయకండి.

ఈ శిలువల్లో చాలావాటికి 1979 ప్రాచీన కట్టడాల చట్టం రక్షణ ఉంది. అనుమతి లేకుండా కదిలించినా, మరమ్మతు చేసినా నేరమే. అయితే చట్టం ఆపలేనివీ ఉన్నాయి. పశువులు ఒళ్లు రుద్దుకుని రాతి అడుగున మట్టి తొక్కేస్తే గుంట పడుతుంది, నీరు నిలిచి రాయి ఒరుగుతుంది. అక్షరాలు కనబడాలని సుద్దతో రుద్దకండి, రాతిపువ్వును గీకకండి. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు వెలుతురులో అక్షరాలు వాటంతటవే తేలుతాయి. ఒరిగిన రాయి కనిపిస్తే ఫొటోతో పాటు గ్రిడ్ సంఖ్య (పటం మీద ఆ చోటును సూచించే సంఖ్య) కూడా పార్క్ వాళ్లకు పంపండి. అది లేకపోతే ఏ శిలువో వాళ్లు పోల్చుకోవడం కష్టం.